ఎజైల్ మ్యానిఫెస్టో - పాఠం, ఆచరణ: ఒక విమర్శనాత్మక పరిశీలన

1. ఉపోద్ఘాతం

2001 ఫిబ్రవరిలో అమెరికాలోని యూటా రాష్ట్రం, స్నోబర్డ్‌లో 17 మంది సాఫ్ట్‌వేర్ నిపుణులు సమావేశమై ఎజైల్ మ్యానిఫెస్టోను రూపొందించారు. నాలుగు విలువలు, 12 సూత్రాలు గల ఈ చిన్న పాఠం సాఫ్ట్‌వేర్ తయారీ విధానాన్నే మార్చింది. ఎజైల్ గుణదోషాలను సాధారణంగా నిర్వహణశాస్త్ర దృష్టితో చర్చిస్తారు. అయితే వాటిలో కొన్నింటికి మూలం ఈ పాఠం వాక్యనిర్మాణంలోనూ, తదనంతర పదజాలంలోనూ ఉంది.

2. తారతమ్య వాక్యాలు

నాలుగు విలువలూ తారతమ్య వాక్యాలే. ఉదాహరణకు, విస్తృతమైన పత్రరచన కంటే పనిచేసే సాఫ్ట్‌వేర్‌కు ఈ పాఠం పెద్దపీట వేస్తుంది. ఇందులోని ప్రయోజనం కాదనలేనిది. అవసరాల సేకరణ, రూపకల్పన, కోడ్ రచన, పరీక్ష అనే దశలను వరుసగా ముగించే పద్ధతిలో తొలిదశలో జరిగిన పొరపాటు చివరిదశలో గాని బయటపడకపోవచ్చు. కొద్ది వారాలకొకసారి పనిచేసే భాగాన్ని అందించినప్పుడు, వినియోగదారు దాన్ని చూసి తన అవసరాన్ని సవరించుకోగలుగుతాడు.

పత్రరచనకూ విలువ ఉందని మ్యానిఫెస్టో స్పష్టంగానే అంగీకరించింది. కానీ ఎంత అవసరమో చెప్పలేదు. అందువల్ల ఆచరణలో ‘తక్కువ ముఖ్యం’ అన్నది ‘అనవసరం’గా మారే అవకాశం ఏర్పడింది. కోడ్ రాసినవారు వెళ్ళిపోయాక దాన్ని నిర్వహించవలసిన వారిపై ఆ భారం పడుతుంది. ఈ అపార్థానికి పాఠకులే కాక, పాఠంలోని మౌనమూ కారణమే.

3. స్ప్రింట్ రూపకం

పనివేగం నిరంతరం కొనసాగించగలిగేదిగా ఉండాలన్నది 12 సూత్రాల్లో ఒకటి. ఎజైల్ పద్ధతుల్లో ప్రసిద్ధమైన స్క్రమ్, నెలకు మించని పనివిడతను ‘స్ప్రింట్’ అంటుంది. స్ప్రింట్ అంటే కొద్దిదూరపు వేగపరుగు. పరుగు ముగిశాక క్రీడాకారుడు విశ్రమిస్తాడు. స్క్రమ్‌లో మాత్రం ఒక స్ప్రింట్ ముగియగానే మరొకటి మొదలవుతుంది. సూత్రం స్థిరవేగాన్ని కోరగా, రూపకం తొందరను స్ఫురింపజేస్తుంది.

పదానికి గల ఈ శక్తి స్క్రమ్ రూపకర్తలకు తెలియనిది కాదు. స్ప్రింట్‌లో చేయదలచిన పనికి వాడుతూ వచ్చిన ‘హామీ’ అనే అర్థంగల పదాన్ని 2011 నాటి స్క్రమ్ మార్గదర్శినిలో తొలగించి, ‘అంచనా’ అనే అర్థంగల పదాన్ని చేర్చారు. హామీ తప్పితే దోషమవుతుంది; అంచనా తప్పితే అది అనుభవమవుతుంది.

4. స్థలకాలాల పరిమితి

సమాచార వినిమయానికి ముఖాముఖి సంభాషణే ఉత్తమమని మరొక సూత్రం చెబుతుంది. హైదరాబాద్‌కూ అమెరికా ప్రధాన భూభాగానికీ మధ్య కాలవ్యత్యాసం 9.30 నుంచి 13.30 గంటలు. ఈ రెండుచోట్లా విస్తరించిన బృందంలో రోజువారీ సమావేశం తరచూ ఎవరో ఒకరికి వేకువనో, రాత్రివేళనో పడుతుంది. మిగిలిన సమయంలో వారిని కలిపేది రాతే. మ్యానిఫెస్టో తక్కువ ప్రాధాన్యమిచ్చిన పత్రరచన ఇక్కడ అత్యవసరమవుతుంది.

5. ముగింపు

మార్పును స్వీకరించడం, లోపాన్ని త్వరగా గుర్తించడం ఎజైల్ సాధించిన మేలు. తర్వాత వచ్చేవారి అవసరాన్నీ, పనిచేసేవారి విశ్రాంతినీ విస్మరించే వీలు కల్పించడం దాని లోపం. పరిస్థితిని బట్టి మారమని బోధించే ఈ పాఠాన్ని కూడా పరిస్థితిని బట్టే చదవాలి. రాతకూ విశ్రాంతికీ ఎంత చోటివ్వాలో ప్రతి బృందమూ ముందుగా నిర్ణయించుకున్నప్పుడే ఆ పఠనం సార్థకమవుతుంది.