మేము, మనము, గ్రహాంతరవాసులు

1963వ సంవత్సరమున వెలువడిన ‘కలై అరసి’ యను తమిళ చలనచిత్రమును చూచినవారు నేటి తరమున తక్కువ. దర్శకుడు ఎ. కాశిలింగం, నాయకుడు ఎం. జి. రామచంద్రన్, నాయిక మన భానుమతి. అన్యగ్రహవాసులు భూమికి దిగివచ్చుట ఇతివృత్తముగాగల తొలి భారతీయ చిత్రములలో ఇది యొకటి. భూమికి వెలుపల జీవమున్నదని తెలిసిననాడు మానవసమాజ మేమగునను ప్రశ్న ఇటీవల పత్రికలలో తరచుగా వినవచ్చుచున్నది. ఆ ప్రశ్నను మన కళ ఎట్లెదుర్కొన్నదో పరిశీలింపగోరి, ముందుగా ఈ చిత్రమునే గైకొనుచున్నాము.

శాస్త్రవిద్యలో ఆరితేరిన యొక గ్రహమువారికి సంగీతము రాదు. దానిని నేర్పగల గురువును వెదకుచు వారు భూమికి వచ్చి, గాయని యగు వాణిని అపహరించుకొని పోవుదురు. ఆమె ప్రియుడు ఆ గ్రహమునకేగి ఆమెను విడిపించుకొని వచ్చును. రామాయణపు చాయ తేటతెల్లము. లంకకు మారు గ్రహము, రావణునికి మారు నంబియార్. అయినను కథకు మూలమైన ఊహ సామాన్యమైనది కాదు. 1898లో హెచ్. జి. వెల్స్ ప్రకటించిన ‘వార్ ఆఫ్ ది వరల్డ్స్’ నవలలో కుజగ్రహవాసులు భూమిని జయింపవచ్చిరి. ఇచ్చటనో, సర్వసంపన్నుడైన పరాయివాడు తనకు లేనిదొకటి మనయొద్ద నున్నదని గ్రహించి వచ్చెను. ఆ లేనిది బంగారము కాదు, నీరు కాదు, పాట. ఇంతటి ఊహ అరువది యేండ్లకు పూర్వమే మన దక్షిణదేశపు చిత్రకారులకు తట్టినందులకు గర్వింపవలసినదే.

అయితే తట్టిన ఊహను వారు నిలుపుకొనలేదు. గురువును ప్రార్థింపవలసినవాడు దొంగ యయ్యెను. విద్య యడిగినవాడు ప్రతినాయకుడయ్యెను. ఇంకొక లోపము మావంటివారికే ముందుగా తోచును. ఆ గ్రహమువారందరు చక్కని తమిళము మాటాడుదురు! మన యరగేరనుండి ఏ దిక్కున కొంతదూరము పోయినను మాట యాస మారును. ఇంట తెలుగు, సంతలో కన్నడము, పాత దస్తావేజులలో ఉర్దూ. ఇట్టిచోట బ్రదుకువారు పరాయివాడు వచ్చెనని విన్నచో మొదట అడుగునది ‘వాడు మాటాడునదే భాష?’ యనియే. చిత్రకథకు ఆ ప్రశ్నయే పుట్టలేదు.

తెలుగు చిత్రములు ఇంతకంటె మెరుగని చెప్పలేము. 1977లో వచ్చిన ‘యమగోల’ యందు నాయకుడు యమలోకమున సమ్మె జరిపించును. యముడును చిత్రగుప్తుడును భూమికి దిగి మన నడుమ పాట్లుపడుదురు. 1990 నాటి ‘జగదేకవీరుడు అతిలోకసుందరి’ యందు ఇంద్రుని కుమార్తె ఉంగరము పోగొట్టుకొని మానవునికి మనసిచ్చును. రెండును మేము ఆనందించి చూచినవే. కాని రెంటియందును మారునది వచ్చినవారే. మన ఇరుగుపొరుగున ఒక అలవాటైనను, ఒక నమ్మికయైనను కదలదు. పరలోకము మనకు అద్దముగా పనికివచ్చినది, వాకిలిగా పనికిరాలేదు.

‘యమగోల’ వచ్చిన యేడే అమెరికావారు రెండు వాయేజర్ నౌకలను ఆకాశమున విడిచిరి. ఒక్కొక్క నౌకలో బంగారుపూత గల రాగి పళ్ళెమొకటి. కార్ల్ సేగన్ పర్యవేక్షణమున దానిపై 55 భాషలలో శుభాకాంక్షలను, 27 సంగీత ఖండములను ముద్రించిరి. కేసర్‌బాయి కేర్కర్ పాడిన భైరవి అందొకటి. పదునాలుగేండ్ల క్రితము చిత్రములో అన్యగ్రహవాసి యడిగినదానిని మానవుడు తానై పంపినట్లయ్యెను. ఇచ్చట అపహరణము లేదు, కానుక కలదు. ఆ 55 భాషలలో తెలుగు కలదు, కన్నడము కలదు, ఉర్దూ కలదు. తమిళము మాత్రము లేదు. ‘కలై అరసి’ గ్రహవాసులు దీనికేమందురో!

ఆ పళ్ళెముపైని తెలుగు సందేశమును మేము పలుమారులు తలపోసితిమి. తెలుగు మాటాడు జనులనుండి ‘మా’ శుభాకాంక్షలని దాని భావము. కన్నడ సందేశమును కన్నడిగుల పక్షముననే పలికిరి. పక్కపక్క ఇండ్లవారు వేరువేరుగా తాంబూలమిచ్చినట్లున్నది! మన భాషలో ‘మేము’ వేరు, ‘మనము’ వేరు; ఎదుటివానిని కలుపుకొన్నచో మనము, వెలిగా నుంచినచో మేము. నేటి కన్నడమున రెంటికిని ‘నావు’ ఒక్కటే. మన పిల్లలు కన్నడపు బడినుండి వచ్చి ఈ రెంటినడుమ తడబడుట చూచి మనము దిద్దుచుందుము. అన్యగ్రహవాసి యెదుట నిలిచిననాడు, ‘మేము’ అనగా ఎవరు? తెలుగువారా, భారతీయులా, మానవులా, లేక చెట్టుతో చీమతో కూడిన భూలోకవాసులందరునా? జీవము కనుగొనబడుటవలన కలుగు మార్పు ముందుగా ఈ చిన్నమాటయందే కలుగునని మా యభిప్రాయము.

అట్టి మార్పు చిత్రములో వలె ఒక్కరాత్రిలో రాదు. 2005 ఏప్రిలులో హైదరాబాదునుండి ఇస్రోవారు విడిచిన పెద్ద బెలూను 20 మొదలు 41 కిలోమీటర్ల యెత్తున గాలిని సేకరించి తెచ్చినది. అందు 12 బాక్టీరియా సమూహములును, 6 శిలీంధ్ర సమూహములును బయల్పడెను. మూడు బాక్టీరియాలు క్రొత్త జాతులని 2009లో ప్రకటించిరి. హైదరాబాదులోని సి.సి.ఎం.బి. శాస్త్రజ్ఞులు ఈ పరిశోధనలో పాల్గొనిరి. ఒకదానికి ఫ్రెడ్ హాయిల్ పేరు, ఒకదానికి ఇస్రో పేరు, ఒకదానికి ఆర్యభటుని పేరు పెట్టిరి. అవి భూమికి వెలుపలివని నిశ్చయముగా చెప్పజాలమని ఇస్రోవారే నిజాయితీతో తెలిపిరి. 2025 ఏప్రిలులో కేంబ్రిడ్జి ఆచార్యుడు నిక్కు మధుసూదన్ బృందము, 124 కాంతిసంవత్సరముల దూరముననున్న కె2-18బి గ్రహపు వాయువులో జీవసూచకమైన పదార్థపు జాడ కనబడినదని వెల్లడించెను. సముద్రములలోని సూక్ష్మజీవులు మనవద్ద ఆ పదార్థమును పుట్టించును. పలువురు శాస్త్రజ్ఞులు ఆ నిర్ణయముతో ఏకీభవింపలేదు. అచ్చట నిజముగా ఎవరైన నున్నను, మనమొక మాట పంపి ప్రత్యుత్తరము పొందుటకు 248 ఏండ్లు పట్టును. మొదట దొరకునది మాటాడని సూక్ష్మజీవి. తరువాత దొరకునది ముగియని వాదము. నంబియార్ వేషమున ఎవడును రాడు.

కనుక ఏమియు మారదందురా? 1956 నవంబరు 1వ తేదీని తలచుకొందము. ఆనాడు రాయచూరు జిల్లా హైదరాబాదు రాష్ట్రమును విడిచి మైసూరు రాష్ట్రమున చేరెను. మన పెద్దలు గడప దాటలేదు, పొలము మారలేదు. అయినను ఎచ్చటనో వ్రాసిన యొక కాగితముతో వారు అల్పసంఖ్యాకులైరి. తెల్లవారి పొలమునకు పోవునప్పుడు చూచువానికి ఏ భేదమును కనబడి యుండదు. బడిలోని పుస్తకము, కచేరీలోని అర్జీ, పిల్లల సంబంధములు, ఎవరిని ‘మనవారు’ అనవలెనను లెక్క, ఇవి ఏండ్లమీద మారినవి. జీవముగల రెండవ గ్రహమొకటి తేలినచో మనుష్యజాతికంతకు ఇట్టి సరిహద్దు మార్పే కలుగునని మేము తలంతుము. ఎవరును కదలకయే అందరును క్రొత్త లెక్కలో చేరుదురు. మానవుని సృష్టికి నడుమ కూర్చుండబెట్టిన మతములును, తత్త్వములును తమ పద్దులను తిరుగవ్రాసికొనవలెను. అనేక కోటి బ్రహ్మాండములని నిత్యము వల్లించు మన ఇండ్లలో ఆ శ్రమ తక్కువని కొందరందురు. వల్లించుట వేరు, పొరుగువాడు కలడని ఎరుగుట వేరు.

ఇంతయు చెప్పి, మరల ‘కలై అరసి’ కడకు వచ్చుచున్నాము. వాణి భూమికి మరలివచ్చును, చిత్రము ముగియును. ఆమె వెడలిపోయిన పిదప ఆ గ్రహమున ఏమి జరిగెను? సగము నేర్చిన పాటను అచ్చట ఎవరైన, పని చేసికొనుచు, తప్పుశ్రుతిలోనైనను కూనిరాగము తీసిరా? కాశిలింగంగారు ఆ యొక్క దృశ్యమును చూపియుండినచో బాగుండెడిది.