ఒకే రోగి, మూడు తరగతి గదులు

భిలాయి ఉక్కు కర్మాగారంలో పనిచేసే ఒక కార్మికుణ్ణి ఊహించుకోండి. గుండెకు కృత్రిమ కవాటం అమర్చారు కనుక రక్తం గడ్డకట్టకుండా వార్ఫరిన్ మాత్రలు వాడుతున్నాడు. అంతలో క్షయ సోకింది. రిఫాంపిసిన్ మొదలుపెట్టారు. ఈ మందు కాలేయంలోని ఎంజైములను పురిగొల్పుతుంది. అవి వార్ఫరిన్‌ను త్వరత్వరగా విచ్ఛిన్నం చేసేస్తాయి. కాబట్టి డాక్టరు వార్ఫరిన్ మోతాదు పెంచుతాడు. అసలు ప్రమాదం ఆ తర్వాత ఉంది. క్షయ మందులు ఆపిన కొద్ది వారాల్లో ఎంజైములు మామూలు స్థాయికి దిగుతాయి. పెంచిన మోతాదు అలాగే ఉండిపోతే రక్తస్రావమే. చిగుళ్లలో రక్తం కనిపెట్టేది నర్సు. రెండు చీటీలూ చూసేది ఫార్మసిస్టు. మోతాదు మార్చవలసింది డాక్టరు. ఈ ముగ్గురూ మాట్లాడుకోవడం ఎక్కడ నేర్చుకున్నారు?

ఎక్కడా నేర్చుకోలేదన్నదే నా ఫిర్యాదు.

వేర్వేరు వృత్తుల విద్యార్థులు ఒకరి గురించి, ఒకరి నుంచి, ఒకరితో నేర్చుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2010లో చెప్పింది. దీన్ని 'అంతర్వృత్తి విద్య' అనవచ్చు. (అనువాదకుడిగా నాకీ మాట నచ్చలేదు గాని, ఇంతకన్నా మంచిది దొరకలేదు.) ఆ మూడు విభక్తులే మనకు గీటురాయి.

మన బి.ఫార్మసీ ఏడవ సెమిస్టరులో 'ఫార్మసీ ప్రాక్టీస్' పేపరుంది. మందుల పరస్పర చర్యలు, ఆసుపత్రి ఔషధ కమిటీ అన్నీ అందులో ఉన్నాయి. కాని దానికి జోడీగా ప్రాక్టికల్ లేదు! అంటే 'గురించి' మాత్రమే. 2008లో వచ్చిన ఆరేళ్ల ఫార్మ్.డి. కోర్సు విద్యార్థులను వార్డుల్లోకి తీసుకెళ్లింది, మెచ్చుకోవలసిందే. అయినా డాక్టరు వెనక నడవడం 'నుంచి' అవుతుంది, 'తో' కాదు.

'తో' అసాధ్యమేమీ కాదు. భిలాయికి ఇనుప ఖనిజం పంపే దల్లీ రాజహరాలో గని కార్మికుల సంఘం 1983లో షహీద్ ఆసుపత్రి తెరిచింది. కార్మికులే ఆరోగ్య కార్యకర్తలుగా శిక్షణ పొంది, డాక్టర్ల పక్కన పనిచేశారు. అనవసరపు మందుల మీద ప్రచారమూ సాగించారు. వాళ్లకు డిగ్రీలు లేవు.

మన కళాశాలలకు అడ్డొచ్చేది టైంటేబుల్ అంటారు. భిలాయిలో ఫార్మసీ కళాశాలలున్నాయి, నర్సింగ్ చదువుంది, సెక్టార్ 9లో పెద్ద ఆసుపత్రి ఉంది. నెలకొక మధ్యాహ్నం చాలు. మొదటి పాఠంగా పైన చెప్పిన కార్మికుడి కేసు షీటునే ముగ్గురు విద్యార్థుల ముందు పెట్టండి. మార్కులు మాత్రం ముగ్గురికీ కలిపి వెయ్యండి.