పల్నాటి నాపరాయి, పగడపు దిబ్బ

2022 ఏప్రిల్ 4న జిల్లాలు విడిపోయేదాకా మనకూ సముద్రం ఉండేది. మాచర్ల, నరసరావుపేట, సూర్యలంక అన్నీ ఒకే గుంటూరు జిల్లా. ఇప్పుడు ఆ తీరం బాపట్ల జిల్లాది. అయినా ఆదివారం వస్తే సూర్యలంక దారి పట్టే పల్నాటి బండ్లు తగ్గలేదు. నేనూ వెళ్తుంటాను, స్నానానికి కాదు. పాటు వేళ చూసుకుని, నీళ్లు తీసిన తడి ఇసుక మీద నడవడానికి.

సముద్రం రోజుకు రెండుసార్లు పోటెత్తుతుంది, రెండుసార్లు తీస్తుంది. ఆ వేళ రోజురోజుకూ ముప్పావుగంట పైనే ఆలస్యమవుతూ పోతుంది. అమావాస్యకూ పున్నానికీ నీళ్లు మరీ ముందుకొస్తాయి, మరీ వెనక్కి పోతాయి. అందుకే బయలుదేరే ముందు క్యాలెండర్‌లో తిథి చూస్తాను, ఒడ్డుకు చేరాక జాలర్లను అడుగుతాను. గంటలో పోటు అందుకుంటుందని వాళ్లంటే అందుకోవలసిందే.

పాటులో నడవడం కంటే కూర్చోవడం ముఖ్యం. గోరంత పీత ఒకటి కన్నంలోంచి బయటికొస్తుంది. తడి ఇసుకను డెక్కలతో నోటికి అందించుకుని, అందులోని తిండి తీసుకుని, మిగిలినదాన్ని మిరియపు గింజంత ఉండగా చేసి పక్కన పడేస్తుంది. చూస్తుండగానే కన్నం చుట్టూ ఆ ఉండలు వరసలు తీరుతాయి. మన నీడ పడితే చాలు, లోపలికి జారుకుంటుంది. పోటు వచ్చి వరసలన్నీ చెరిపేస్తే, మళ్లీ పాటుకు మొదటి నుంచి మొదలుపెడుతుంది. ఈ ఓపిక చూడటానికైనా పిల్లల్ని తీసుకెళ్లాలి.

ఆ పిల్లలే అడుగుతారు, టీవీలో చూపించే రంగురంగుల పగడాలు ఇక్కడ లేవేమని. లేకపోవడానికి పెద్ద కారణం మన కృష్ణే. పగడం ఒళ్లో కంటికి కనిపించనంత చిన్న నాచు కాపురం ఉంటుంది. ఆ నాచుకు ఎండ తగలాలి, అంటే నీళ్లు తేటగా ఉండాలి. సాగర్, పులిచింతల దాటి హంసలదీవి దగ్గర కడలిలో కలిసే కృష్ణ వేల ఏళ్లుగా ఒండ్రు తెచ్చి పోసింది. డెల్టాకు వరి పండించే మట్టి ఇచ్చిన నది తీరానికి పగడాల్ని మాత్రం ఇవ్వలేదు. నాకు అందులో లోటేమీ కనిపించదు.

పైగా సముద్రం మనకు కొత్త కాదు. పిడుగురాళ్ల బట్టీల్లో కాల్చే సున్నపురాయి, ఇళ్లలో పరుచుకునే నాపరాయి, నాగార్జునకొండ బౌద్ధ శిల్పాల రాయి, ఇవన్నీ ఎన్నో కోట్ల ఏళ్ల కిందట ఇక్కడ ఉన్న లోతు తక్కువ సముద్రం అడుగున పేరుకున్నవే. అప్పటికి పగడాలు పుట్టనేలేదు. పగడం ఇప్పుడు నీటిలోంచి తీసుకుని గూడు కట్టుకునేదీ అదే సున్నం.

ఆ గూళ్లను నేను చూసింది అండమాన్‌లో. 2011 లెక్కల ప్రకారం అక్కడ నూటికి పదముగ్గురి మాతృభాష తెలుగు. ఇప్పుడు శ్రీ విజయపురం అంటున్న పోర్ట్ బ్లెయిర్ బజార్లో శ్రీకాకుళం యాస వినిపిస్తే ప్రాణం లేచొస్తుంది. వండూరు నుంచి 1983లో ఏర్పడిన మెరైన్ నేషనల్ పార్కులోకి, జాలీబాయ్ దీవికి పడవలో తీసుకెళ్తారు. ప్లాస్టిక్ సంచులు పట్టుకెళ్లనివ్వరు. అద్దం అడుగున్న పడవలోంచి చూస్తే జింక కొమ్ముల్లా కొమ్మలేసిన పగడాలు, వాటి సందుల్లో చేపలు. మధ్యమధ్య తెల్లబోయినవీ ఉన్నాయి. నీళ్లు మామూలుకంటే వేడెక్కితే పగడం తనలోని నాచును వదిలేసి పాలిపోతుంది. 2010లోనూ, 2016లోనూ అండమాన్ దిబ్బలకు ఆ దెబ్బ తగిలింది. వేడి నిలిచిపోతే పగడం చచ్చిపోతుంది.

సముద్రపు వేడిని మన ఊళ్ల నుంచి మనం ఆపలేకపోవచ్చు. కాలు ఎక్కడ పెడుతున్నామో చూసుకోవడం మన చేతిలోనే ఉంది. అండమాన్ వెళ్తే పగడం మీద నిలబడకండి, ముక్క విరిచి తెచ్చుకోకండి. అలాంటి కొమ్మ ఏడాదికి కొన్ని అంగుళాలు పెరిగితే గొప్ప. సూర్యలంకలో జనవరి నుంచి మార్చి దాకా రాత్రిళ్లు ఆలివ్ రిడ్లే తాబేళ్లు గుడ్లు పెట్టడానికి ఒడ్డెక్కుతాయి, వాటి మీద టార్చ్ వేయకండి. చెరువులోనూ కాలవలోనూ ఈత నేర్చిన పల్నాటి కుర్రాళ్లకు ఒక మాట: కెరటం వెనక్కి లాగే బలం కాలవ ఈతకు లొంగదు. మోకాలి లోతు దాటకండి, జాలర్లు వద్దన్న చోట దిగకండి.