స్తూపం చెప్పేది, బొమ్మ చెప్పనిది

ఆదివాసీ అనగానే నెమలి ఈకల టోపీ, పక్కన డోలు గీయడం చిత్రకారులకు అలవాటైపోయింది. మేడ్చల్, శామీర్‌పేట వైపు పాఠాలు చెప్పే మా దగ్గరికి వచ్చి బడి గోడకు కూడా అదే బొమ్మ వేస్తామంటారు. గుస్సాడీ మనకు గౌరవమే. కానీ అది ఆదిలాబాద్ గోండు గూడేల్లో దీపావళి నాటి దండారిది. ఏ ఊరి గోడకు పడితే ఆ గోడకు వేస్తే అలంకారం మిగులుతుంది, ఆ నేల కథ మాత్రం రాదు.

నేల కథ చెప్పే కట్టడం ఇంద్రవెల్లి స్తూపం. 1981 ఏప్రిల్ 20న భూమి పట్టాలు అడగడానికి సభకు వచ్చిన గోండుల మీద అక్కడ పోలీసులు కాల్పులు జరిపారు. చనిపోయింది 13 మంది అని సర్కారు లెక్క. అంతకు ఎన్నో రెట్లని మనవాళ్ల లెక్క. 1983లో అక్కడే స్తూపం లేచింది. 1986లో కూల్చేశారు. 1987లో ఐటీడీఏ తిరిగి కట్టించింది. ఆ తర్వాత కూడా చాలా ఏళ్లు ఏప్రిల్ 20న నివాళికి ఆంక్షలే. శిల్పంగా చూస్తే అది ఒక స్తంభం, అంతే. అయినా దాన్ని చూసి అధికారం అంత జంకిందంటే, నిలిచిన చోటే దానికి బలం.

ట్యాంక్‌బండ్ మీది కుమ్రం భీం విగ్రహం సంగతి వేరు. ఎన్టీఆర్ కాలంలో అక్కడ పెట్టిన మహనీయుల వరుసలో ఆయన లేడు, తెలంగాణ ఉద్యమ కాలంలో చేరాడు. ఆ గుర్తింపు అవసరమే. కానీ 1940లో ఆయన నేలకొరిగిన జోడేఘాట్‌లో కొండలు, చేలు కూడా పాఠం చెబుతాయి. నగరంలో ఆ సాయం ఉండదు. అందుకే భీం ఏ భూమి కోసం, ఏ అడవి కోసం నిలబడ్డాడో విగ్రహం పక్కన రాసి ఉండాలి. లేకపోతే పిల్లలకు తుపాకీ ఒక్కటే గుర్తుంటుంది.

మరి శామీర్‌పేటలో ఏం గీయాలి? ఇక్కడ నిజాం కాలపు చెరువు ఉంది. పక్కనుంచి ఔటర్ రింగ్ రోడ్డు పోతోంది. ఆ కట్టకు మట్టి మోసింది ఎవరు, రోడ్డు కింద పోయిన చేలు ఎవరివి, ఇప్పుడు కూలికి వచ్చి ఇక్కడ ఉంటున్నది ఏ గూడెం వాళ్లు? టీచర్లు రంగుల డబ్బా తెరిచే ముందు పిల్లలను ఊరి పెద్దల దగ్గరికి పంపి ఈ మూడూ అడిగించాలి. వాళ్లు చెప్పిన పేర్లు గోడ మీద బొమ్మ కింద రాయించాలి. ఆ గోడ ముందు ఆగిన కూలి బిడ్డకు తన తాత పేరు కనిపించాలి.