ప్రార్థన చేసి చెప్తా

ఆదివారం ఆరాధన అయ్యాక చెప్పులేసుకుంటుంటే ఒక కుర్రాడు పక్కకు పిలిచాడు. ఇక్కడి గ్రానైట్ ఫ్యాక్టరీలో క్వాలిటీ చూస్తాడు. మా సంఘంలో కీబోర్డు వాయించేదీ వాడే.

"పెద్దయ్యా, పదకొండు స్లాబుల్లో సన్న చీలిక ఉంది. ఎపాక్సీ పట్టించి పాలిష్ ఎక్కించారు. కంటికి ఆనదు. ఫస్ట్ క్వాలిటీ అని రాయమంటన్నారు."

"నువ్వేమన్నావురా?"

"ప్రార్థన చేసి చెప్తానన్నా."

నాకు ఒళ్లు మండింది.

ఈ కాలమ్ చదివేవాళ్లకు నా పాత జబ్బు తెలుసు. ఆ మూడు మాటలూ నాకు పడవు. సంబంధం నచ్చకపోతే ప్రార్థన చేసి చెప్తాం. చందా ఇవ్వబుద్ధి కాకపోతే ప్రార్థన చేసి చెప్తాం. కళ్లు మూసుకుని బైబిలు తెరిచి, వేలు పడ్డ వచనమే జవాబు అనేవాళ్లంటే ఇంకా పడదు. పోయిన క్రిస్మస్‌కు ఇదే రాస్తే ఇద్దరు పాస్టర్లు నాతో మాట్లాడ్డం మానేశారు. ఒకాయన ఈస్టరుకు మళ్లీ మొదలుపెట్టారు.

ఇంత మంట ఎందుకో ఇన్నాళ్లూ రాయలేదు. మా చీమకుర్తి అప్పుడప్పుడే రాయిని నమ్ముకుని లేస్తున్న రోజుల్లో నేనూ ఒక ఫ్యాక్టరీలో చెకర్‌ని. నల్లరాయిలో బంగారు చుక్కలు చూడ్డమే పని. అది బంగారం కాదు, బ్రాంజైట్ అనే ఖనిజం. కానీ ఆ చుక్కల కోసమే మన బ్లాక్ గెలాక్సీ రాయి చెన్నై రేవు దాటి ఇటలీ దాకా పోయింది. ఒకసారి నాకూ ఇలాంటి స్లాబులే తగిలాయి. ప్రార్థన చేసి చెప్తానన్నాను. శుక్రవారం ఉపవాసం కూడా ఉన్నాను. శనివారం కంటైనర్ వెళ్లిపోయింది. నేను ముందే సంతకాలు పెట్టి ఇచ్చిన ప్యాకింగ్ లిస్టులు ఆఫీసు సొరుగులో ఉండేవి మరి. ఆ సంగతి ఉపవాసం ఉన్నంతసేపూ నాకు తెలుసు. దేవుడు ఏం చెప్పాడో నాకు వినపడలేదు గానీ, నేను ఏం చెప్పానో ఆ కాగితం మీద ఉంది.

చీలిక కొనేవాడి కష్టం ఒక్కటే అయితే సరిపెట్టుకోవచ్చేమో. రెండు సెంటీమీటర్ల మందం స్లాబు చదరపు మీటరుకు 60 కిలోలకు దగ్గర తూగుతుంది. దించేటప్పుడు విరిగితే ఎవరి పాదం మీద పడుతుందో రాసేవాడికి కనపడదు.

అందుకని కుర్రాడికి క్లౌ దొర కథ చెప్పి సిగ్గు తెప్పిద్దామనుకున్నాను. మా వైపు క్రైస్తవులకు ఆయన కథ అన్నం ముద్దతో పాటే పెడతారు. 1866లో ఒంగోలు వచ్చిన అమెరికన్ బాప్టిస్టు, జాన్ ఎవరెట్ క్లౌ. అంతకుముందు సర్వే పని చేసినవాడు. 1876లో ధాత కరువు మొదలైతే బకింగ్‌హామ్ కాలువలో మూడున్నర మైళ్లు తవ్వే కాంట్రాక్టు తనే తీసుకున్నాడు. చేలల్లో పనిలేక, తినడానికి లేక వచ్చినవాళ్లకు పార ఇచ్చాడు, కూలి ఇచ్చాడు. బోధకుల్నే మేస్త్రీలుగా పెట్టాడు. మిషనరీ కాంట్రాక్టరు అవడమేమిటని నాన్చలేదు. "పని అంటే అదిరా, నీలాగా కాదు" అందామని నోరు తెరిచాను.

తెరిచాక గుర్తొచ్చింది, మిగతా సగం కథ.

ఆ కరువు రోజుల్లో ఎంతోమంది బాప్తిస్మం ఇమ్మని అడిగారు. ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వస్తున్నారేమోనని సుమారు పదిహేను నెలలు ఎవరికీ ఇవ్వలేదు. సాయం ఆగిపోయాక కూడా జనం వస్తే అప్పుడు ఒప్పుకున్నాడు. 1878 జూలై 3న వెలంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది మునిగి లేచారు. అంటే నేను పని తెమిల్చే మనిషికి సాక్ష్యంగా తెచ్చిన దొర, వాయిదా వేసిన దొర!

ఇంకోటి. ఆయన ఒంగోలు వచ్చిన కొత్తలో బడిలో బ్రాహ్మణ పిల్లలుండేవారు. మాదిగల్ని చేర్చుకుంటే మేం రామని పెద్దకులాలవాళ్లు తేల్చి చెప్పారు. ఆయనొక గదిలో, భార్య ఇంకో గదిలో బైబిలు తెరిస్తే ఇద్దరికీ కొరింథీయులకు రాసిన మొదటి పత్రికలో ఒకే చోటు తగిలిందని, అల్పుల్ని ఎన్నుకోవడం గురించిన భాగమని ఆయనే చెప్పుకున్నాడు. వేలు పడ్డ వచనమే! బడి ఖాళీ అయింది. ఆయన మాదిగల్నే చేర్చుకున్నాడు.

నేను ఎగతాళి చేసే రెండు పనులూ ఆయన చేశాడు. ఇన్నేళ్లుగా ఆ కథ చెబుతూ ఈ రెంటినీ దాటేశాననుకుంటా. కానీ ఆ వచనం వల్ల పోయింది ఆయన బడే. ఆ వాయిదా వల్ల బోస్టన్‌లోని మిషన్ ఆఫీసుకు పంపే లెక్కలో తగ్గిందీ ఆయన సంఖ్యే. కూలి పని మాత్రం ఆయన వాయిదా వెయ్యలేదు. నా ఉపవాసం నా జీతం నిలబెట్టింది.

గొంతు తగ్గించి అడిగాను. "ఇప్పుడు స్లాబులెక్కడున్నయ్?"

"పక్కన పెట్టించా పెద్దయ్యా. చీలిక ఉన్నచోటల్లా సుద్దతో గీత గీశా. లిస్టులో ఎక్కించలా."

"మేనేజరు?"

"అలిగాడు. నైట్ షిఫ్ట్ వేశాడు."

నేను ముందు అడగాల్సిన ప్రశ్న చివర అడిగాను. ఉద్యోగం మానెయ్యరా అని చెప్పేవాణ్ణి, ఆ మాట మింగేశాను. వాడు మానేస్తే వాడి కుర్చీలోకి సంతకాలు ముందే పెట్టిచ్చే నాలాంటివాడొకడు వస్తాడు. ఇంట్లో అమ్మకు మందులు కూడా వాడే తేవాలి. "చేసుకోరా, ప్రార్థన చేసుకో. ఆ గీతలు మాత్రం తుడవనివ్వమాక" అన్నాను. ఇంతకన్నా గట్టిగా చెప్పే హక్కు నాకు లేదు.

బుధవారం ఇది రాసేనాటికి ఆ పదకొండు స్లాబులూ సుద్దగీతలతో షెడ్డు బయటే ఉన్నాయి. వాడికి ఇంకా నైట్ షిఫ్టే.