కరువును రాసే పేరా: వర్గీకరణ, సంధానం – విడపనకల్లు ప్రాంతం ఆధారంగా ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

గద్యంలో పేరాలను వర్ణనాత్మకం, కథనాత్మకం, వివరణాత్మకం, వాదనాత్మకం అని నాలుగు రకాలుగా చెప్పడం మన వ్యాసరచన బోధనలో స్థిరపడిన పద్ధతి. అనంతపురం జిల్లా కరువును గురించిన రచనకు ఈ విభజన ఎంతవరకు సరిపోతుందో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. వలసపాలన కాలపు జిల్లా గెజెటీరు విషయాన్ని ముక్కలుగా పంచిన తీరే నేటి సిద్ధాంత వ్యాసాల నేపథ్య అధ్యాయాల్లో కొనసాగుతున్నదనీ, దానివల్ల వానకూ అప్పుకూ శిస్తుకూ నడుమ ఉన్న కార్యకారణ సంబంధం పేరాల మధ్య జారిపోతున్నదనీ ఇందులోని ప్రతిపాదన.

కీలకపదాలు: పేరా, గద్యనిర్మాణం, గెజెటీరు, అప్యర్థకం, కరువు సాహిత్యం, విడపనకల్లు.

1. ఉపోద్ఘాతం

మన వ్యాకరణ చర్చ ఎక్కువగా వాక్యం దగ్గర ఆగిపోతుంది. చేకూరి రామారావు 'తెలుగు వాక్యం' (1975) వాక్యాలు ఒకదానిలో ఒకటి ఎలా ఇమిడిపోతాయో నిశితంగా చూపిన గ్రంథం. వాక్యాన్ని దాటిన తర్వాత వచ్చే పేరాను మాత్రం మనం వ్యాకరణానికి కాక వ్యాసరచన తరగతికి వదిలేశాం. అక్కడ అది నాలుగు పేర్ల పట్టికగా మారింది.

ఆ పట్టిక మనది కాదు. స్కాట్లాండుకు చెందిన అలెగ్జాండర్ బెయిన్ 1866లో ప్రచురించిన ఆంగ్ల రచనాశాస్త్ర గ్రంథంలో పేరాకు నియమాలు ఏర్పరిచాడు. రచనను వర్ణన, కథనం, వివరణ, ఒప్పించడం అనే ప్రయోజనాలను బట్టి విడదీశాడు. పేరాకు ఒకే విషయం ఉండాలనీ, ఆ విషయం మొదటి వాక్యంలోనే తెలియాలనీ మనం విద్యార్థులకు చెప్పే మాటల మూలం ఈ సంప్రదాయంలోనే ఉంది. తాటాకు గ్రంథాల్లో పేరా లేదు. పదాల మధ్య ఖాళీ కూడా లేదు. చంపూకావ్యాల్లో పద్యాల నడుమ వచ్చే వచనం మాత్రం కొంతవరకు పేరా చేసే పనే చేసింది. కాలం గడిచిందని చెప్పడం, పాత్రను ఒకచోటి నుంచి మరోచోటికి చేర్చడం, విస్తరించనక్కరలేని కథను కుదించడం దాని పనులు. అంటే మన సంప్రదాయంలో గద్యఖండం ముందుగా సంధానం కోసం పుట్టింది. అచ్చుతో వచ్చిన పేరా విభజన కోసం పుట్టింది. ఈ తేడా కరువు ప్రాంతపు రచనలో ఎలా పనిచేసిందన్నది ఇక్కడి ప్రశ్న.

ఉదాహరణకు విడపనకల్లును తీసుకోవడానికి కారణం ఉంది. ఉరవకొండ, గుంతకల్లు, బళ్లారిల నడుమ, కర్ణాటక సరిహద్దును ఆనుకుని ఉన్న ఈ మండలంలో నల్లరేగడి నేలలు విస్తారం. అనంతపురం అనగానే ఎర్రనేల, వేరుశనగ, మొగం చాటేసిన మేఘం అన్న చిత్రం సాహిత్య విమర్శలో స్థిరపడిపోయింది. ఆ చిత్రానికి లొంగని చోటు ఇది. (ఊరి పేరు చివరి 'కల్లు' కన్నడంలో రాయి. గుంతకల్లు, డోనేకల్లు, గడేకల్లు అని చుట్టుపక్కల ఊళ్ల పేర్లన్నీ రాళ్లను తలుస్తుంటే, కాళ్ల కింద మాత్రం మెత్తటి రేగడి ఉంటుంది.)

2. గెజెటీరు పేరా

1800లో నిజాం నుంచి కంపెనీకి దక్కిన దత్తమండలాలను గురించి రెండు భిన్నమైన గద్యాలు మనకు మిగిలాయి. ఒకటి కావలి సోదరులు, వారి సహాయకులు కాలిన్ మెకంజీ కోసం సేకరించిన కైఫియ్యత్తుల గద్యం. ఊరి పుట్టుక, ఏలిన దొరలు, తవ్వించిన చెరువు, కట్టించిన గుడి, ఇచ్చిన మాన్యాలు అందులో ఒకదాని వెంట ఒకటి నడుస్తాయి. వాక్యం ఎక్కడ ముగిసిందో వెతుక్కోవలసినంతగా క్రియలు కలిసిపోయి ఉంటాయి. అక్కడ చెరువును గురించి చెప్పడమంటే దాన్ని తవ్వించినవాణ్ణి గురించి, దాని కింద మాన్యం పొందినవాణ్ణి గురించి చెప్పడమే. ఈ మూడింటినీ విడదీసే ఖాళీ ఆ రాతలో లేదు.

రెండవది జిల్లా గెజెటీరు గద్యం. అనంతపురం 1882లో బళ్లారి నుంచి విడివడి ప్రత్యేక జిల్లా అయింది. డబ్ల్యు. ఫ్రాన్సిస్ రాసిన అనంతపురం గెజెటీరు 1905లో వెలువడింది. మద్రాసు రాష్ట్రపు గెజెటీర్లన్నింటికీ దాదాపు ఒకే చట్రం. భౌతిక స్వరూపం, చరిత్ర, ప్రజలు, వ్యవసాయం, అడవులు, రాకపోకలు, వర్షపాతం, భూమిశిస్తు, చివర తాలూకాల వారీగా ఊళ్లు. పేరా అంచున చిన్న శీర్షిక ఉంటుంది. వెతికే అధికారికి ఇది గొప్ప సౌకర్యం. ఫ్రాన్సిస్ రచన స్పష్టమైనది, సమాచార సమృద్ధమైనది, కొన్నిచోట్ల చమత్కారం కూడా కలది. దాన్ని తీసిపారేయడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు.

అయితే ఆ చట్రంలో కరువులకు దక్కిన చోటును గమనించాలి. అవి వర్షపాతంతో పాటు ఒకే అధ్యాయంలో ఉంటాయి. భూమిశిస్తు వేరొక అధ్యాయం. దత్తమండలాల ప్రధాన కలెక్టరుగా పనిచేసిన థామస్ మన్రో తానే 1807లో శిస్తును నాలుగో వంతు తగ్గించాలని సూచించాడు; ఆ సూచన వెంటనే అమలు కాలేదు. శిస్తు భారానికీ, వాన తప్పిన ఏడు రైతు ఇంట్లో గింజ మిగలకపోవడానికీ ఉన్న సంబంధాన్ని గుర్తించడానికి పాఠకుడు ఒక అధ్యాయం నుంచి మరొక అధ్యాయానికి తానే నడవాలి. గ్రంథకర్త ఏదీ దాచలేదు. రెండు విషయాలూ పుస్తకంలోనే ఉన్నాయి. వాటిని కలిపే వాక్యానికి మాత్రం ఏ పేరాలోనూ చోటు లేదు. 1876–78 నాటి కరువును జనం 'ధాత కరువు' అని ఏడాది పేరుతో గుర్తుపెట్టుకున్నారు. ఆ పేరులో వాన, ధర, చావు, వలస అన్నీ ఒకే కాలం కిందకు వస్తాయి. గెజెటీరులో అవే విషయాలు శీర్షికల కిందకు చెదిరిపోతాయి.

3. నేపథ్య అధ్యాయం

రాయలసీమ కథ, నవలల మీద వచ్చే సిద్ధాంత వ్యాసాల్లో రెండో అధ్యాయం తరచూ 'ప్రాంతీయ నేపథ్యం' అయివుంటుంది. ఉనికి, శీతోష్ణస్థితి, నేలలు, పంటలు, నీటి వనరులు, వలసలు, ఫ్యాక్షన్ అనే క్రమంలో ఒక్కో పేరా. ఇది గెజెటీరు చట్రమే. అందులోని పేరా ఎలా ఉంటుందో చూపడానికి ఒక నమూనాను నేనే కూర్చి ఇక్కడ ఇస్తున్నాను:

"విడపనకల్లు మండలం అనంతపురం జిల్లాలో ఉంది. ఈ జిల్లాలో వర్షపాతం తక్కువ. ఇక్కడి నేలలు ఎర్రనేలలు. వేరుశనగ ప్రధాన పంట. వర్షాలు లేకపోవడం వల్ల తరచుగా కరువు వస్తుంది. ప్రజలు పట్టణాలకు వలస వెళుతున్నారు."

పాఠ్యపుస్తకం ప్రకారం ఇది నిర్దోషమైన వివరణాత్మక పేరా. ఒకే విషయం, సూటి వాక్యాలు, చిన్న పరిధి. జిల్లా మొత్తానికి చెప్పిన మాటగా ఇందులో చాలా భాగం నిజమే. ఏటా సుమారు 550 మిల్లీమీటర్ల సగటు వానతో దేశంలోని అతి తక్కువ వర్షపు జిల్లాల్లో అనంతపురం ఒకటి. కానీ విడపనకల్లుకు వచ్చేసరికి నేలను గురించిన వాక్యం తప్పిపోయింది, దానితో పంటను గురించిన వాక్యమూ తప్పింది. అంతకన్నా పెద్ద దోషం మరొకటి ఉంది. ఆరు వాక్యాల్లో ఒక్కదానికే కారణం ఉంది. ఆ కారణం ఆకాశం. మనుషులెవరూ దేనికీ బాధ్యులు కారు. చివరి వాక్యంలో తప్ప మనుషులే లేరు.

ఈ అధ్యాయం తర్వాత వచ్చే కథావిశ్లేషణలో అదే చట్రం సాహిత్యం మీద వాలుతుంది. కథలోంచి 'ప్రకృతి వర్ణన' ఒకచోటికి, 'ఆర్థిక పరిస్థితులు' మరొకచోటికి, 'స్త్రీల సమస్యలు' ఇంకొకచోటికి పోతాయి. పెన్నను ఎండిన ఇసుకగా చూపి, ఆ ఒడ్డునే రంగడు, గంగమ్మల బతుకును నిలిపిన విద్వాన్ విశ్వం 'పెన్నేటి పాట' (1956)ను కూడా నదీ వర్ణన ఒక ఉపశీర్షిక, పేదరికం ఒక ఉపశీర్షికగా విడదీయడం సాధ్యమే. అలా విడదీసిన వెంటనే ఆ కావ్యం చేసిన పని చెడిపోతుంది. అక్కడ నది కథకు నేపథ్యం కాదు. కథలో జరిగినదానికి మొదటి సాక్ష్యం. వర్ణనే అక్కడ వాదన. 'రచయిత కరువును చక్కగా వర్ణించారు' అనే వాక్యం మన సిద్ధాంత వ్యాసాల్లో ఎన్నిసార్లు వస్తుందో చదివేవారికి తెలుసు. వర్ణనను అలంకారంగానూ వాదనను ఉపన్యాసంగానూ ముందే విడగొట్టుకున్నవారికి అంతకు మించి చెప్పడానికి ఏమీ మిగలదు.

4. అప్యర్థకం చేసే పని

తెలుగులో వాక్యాలను కలపడానికి అసమాపక క్రియలున్నాయి. చేసి, చేస్తూ, చేస్తే, చేసినా. వీటిలో కరువు గద్యానికి అత్యంత కీలకమైనది అప్యర్థకం. 'వాన పడినా' అన్న మాట వినగానే వాన పడితే సరిపోతుందన్న ఊహ ఉన్నదనీ, అది నిలబడలేదనీ ఒకేసారి తెలుస్తుంది. 'వాన పడినా అప్పు తీరలేదు' అన్న నాలుగు మాటల వాక్యం గెజెటీరు చట్రంలో రెండు అధ్యాయాలకు చెందినది. శీర్షికల వారీ పేరాల్లో ఈ వాక్యం పుట్టదు. చేదర్థకం ఆకాశాన్ని కారణం చేస్తుంది (వాన పడితే పండుతుంది). అప్యర్థకం ఆ కారణం చాలదని చెప్పి మరో కారణం వైపు చూపును మళ్లిస్తుంది.

పైన ఇచ్చిన విషయాన్నే మరో రకంగా కూర్చి చూద్దాం. ఇదీ నమూనాయే:

"ముంగారు తప్పినా రేగడి రైతు ఎర్రనేల రైతంత దిగులుపడడు, అతని చూపు ఇంగారు పదును మీద ఉంటుంది. ఆ పదునుకు పప్పుశనగ మొలిచినా, గుత్త ముందే కట్టి ఉంటే పంట పోయిన నష్టమంతా అతనిదే. పంట దక్కినా, విత్తనానికి అప్పిచ్చిన మండీకే గింజలు తోలవలసి ఉంటే ధర చెప్పేది అతను కాదు. రెండేళ్లు ఇట్లా గడిస్తే, వాన బాగా పడిన మూడో ఏడు కూడా అతను సుగ్గికి పోవచ్చు."

ఇది వర్ణనా, కథనమా, వివరణా, వాదనా? నాలుగూ. ముంగారు, ఇంగారు అన్న మాటలు ఊరి వ్యవసాయ కాలాన్ని చెబుతూనే సరిహద్దు భాషను చెబుతున్నాయి. పదును అన్న మాట నేల స్వభావాన్ని చెబుతుంది. నేల, కాలం, గుత్త, అప్పు, వలస ఒకే పేరాలో ఉండటం వల్లనే చివరి వాక్యంలోని 'వాన బాగా పడిన మూడో ఏడు కూడా' అన్న మాట పాఠకుడికి అర్థమవుతుంది. మొదటి నమూనా ప్రకారం వాన పడిన ఏడు వలస ఉండకూడదు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కలపడం అంతా మేలు, విడదీయడం అంతా కీడు అని కాదు. అప్యర్థకానికి ఉన్న నిజాయితీ క్త్వార్థకానికి లేదు. 'చేసి' రూపంలో సాధారణంగా రెండు క్రియలకూ కర్త ఒక్కడే కావాలి. కానీ 'వాన కురిసి పంట పండింది' వంటిచోట, కార్యకారణ సంబంధం ఉన్నప్పుడు, కర్తలు మారినా భాష ఒప్పుకుంటుంది. ఈ వెసులుబాటును ఆసరా చేసుకుని 'కరువొచ్చి, అప్పులు పెరిగి, ఊరు ఖాళీ అయింది' అని రాసేవారున్నారు. వినడానికి బలంగా ఉంటుంది. అప్పు ఎవరిచ్చారు, వడ్డీ ఎంత, ఎవరెవరు వెళ్లారు, ఎవరు మిగిలారు అన్న ప్రశ్నలన్నీ ఆ క్రియల గొలుసు కింద నలిగిపోతాయి. కథలో ఇది శైలి కావచ్చు. పరిశోధనలో ఇది ఆధారం లేని కారణం. అలాంటిచోట పేరాను విరగ్గొట్టి, లెక్కను లెక్కగా విడిగా ఇవ్వడమే సరి. వర్షపాత పట్టికకు వేరే పేరా కావాలి. కాకపోతే ఆ పట్టిక తర్వాత 'వాన పడినా' అని మొదలయ్యే పేరా ఒకటి రావాలి.

రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తు కోసం చేసిన వేమన ఉపన్యాసాలు (గ్రంథరూపం 1929) ఈ విషయంలో నేటికీ చదవదగినవి. అనంతపురం జిల్లాలోనే పుట్టిన ఆ పండితుడు కవి కాలాన్ని నిర్ణయించేటప్పుడు ఒక రకంగా, కవి మనసును పరిశీలించేటప్పుడు మరొక రకంగా గద్యాన్ని నడిపారు. ఆధారాలు తూచే చోట తనకు తానే అడ్డుతగులుతూ ఆగి ఆగి నడుస్తారు. మనిషిని గురించి చెప్పేచోట ఊపు వస్తుంది. ఏ పని ఏ పేరాకు అన్నది ఆయన పట్టిక చూసి నిర్ణయించుకోలేదు.

5. అనుబంధంలో పేరా ఎక్కడ తుంచాలి?

ఈ చర్చకు ఆచరణలో అత్యంత ఇరుకైన చోటు క్షేత్రపర్యటన. విడపనకల్లు వంటి మండలాల్లో రైతులతో, కూలీలతో మాట్లాడి రికార్డు చేసిన మాటలను పరిశోధకులు అనుబంధంగా ఇస్తున్నారు. మాట్లాడేవారు పేరాలు చెప్పరు. తెలుగు వాక్యం మధ్యలో కన్నడ క్రియ వస్తుంది. వాన గురించి అడిగితే కూతురి పెళ్లి ఏడాదితో జవాబు మొదలవుతుంది. ఆ పెళ్లి ఖర్చు నుంచి ఎద్దులు అమ్మిన సంగతికీ, అక్కడి నుంచి బాడుగ ట్రాక్టరు వచ్చేదాకా పదును ఆరిపోయిన సంగతికీ మాట వెళుతుంది. లిప్యంతరీకరించేటప్పుడు పెళ్లి మాటలను 'కుటుంబం' శీర్షికకూ, ఎద్దుల మాటలను 'పశుసంపద' శీర్షికకూ సర్ది, వానను గురించిన ఒక్క వాక్యాన్ని 'వర్షాభావం' కింద ఉంచడం జరుగుతోంది. పర్యవేక్షకులూ ఆ క్రమాన్నే కోరుతున్నారు. చదవడానికి అది సులువు.

అలా సర్దిన మాటల్లో మాట్లాడినవారు అసలు అడిగిన ప్రశ్నకు జవాబు చెప్పనట్లే కనిపిస్తుంది. నిజానికి వారు వాన గురించే చెప్పారు. పెళ్లి, ఎద్దులు, బాడుగ ట్రాక్టరు అన్నవి ఆ ఏడాది వాన ఎందుకు పనికిరాకుండా పోయిందో చెప్పిన మెట్లు. కనుక మాటలు ఆగినచోట, ఊపిరి తీసుకున్నచోట, కొత్త ప్రశ్న పడినచోట మాత్రమే పేరా మార్చి, విషయసూచిని అంచున విడిగా ఇవ్వడం మేలు. గెజెటీరు కూడా తన శీర్షికలను అంచునే పెట్టింది. ఆ ఒక్క పద్ధతిని మనం దాని నుంచి తీసుకోవచ్చు.