కట్టమంచి విదేశీ విశ్వవిద్యాలయ పరిశీలన: ఒక పునర్విమర్శ

1916లో విశ్వవిద్యాలయాన్ని స్థాపించడానికి ముందు మైసూరు సంస్థానం విదేశీ విద్యాసంస్థల పరిశీలనను ఇద్దరికి అప్పగించింది. థామస్ డెన్‌హామ్ సిడ్నీ, మెల్‌బోర్న్ విశ్వవిద్యాలయాలను అధ్యయనం చేయగా, కట్టమంచి రామలింగారెడ్డి షికాగో, విస్కాన్సిన్, ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జిలను పరిశీలించారు. దీనిని కట్టమంచి ఘనతల పట్టికలో చేర్చి ఊరుకోవడం విమర్శకు చాలదు.

కేంబ్రిడ్జి ఆయన చదువుకున్న చోటే. కొత్తగా ఎదురైనది విస్కాన్సిన్. అధ్యక్షుడు చార్లెస్ వాన్ హైస్ కాలంలో ఆ విశ్వవిద్యాలయం తన జ్ఞానం రాష్ట్రంలోని ప్రతి ఇంటికీ చేరాలన్న ఆశయాన్ని చేపట్టింది. అక్కడ ఆచార్యుని ఆంగ్లం, జర్మన్, నార్వేజియన్ వలస కుటుంబాలను మినహాయిస్తే, రైతుకూ తెలిసిన భాష. మైసూరులో బోధన ఆంగ్లంలో, రైతు కన్నడంలో! నిర్మాణాన్ని చూసి రావచ్చు. దానికి ఆధారమైన భాషాస్థితిని వెంట తెచ్చుకోలేరు.

ఇదే కాలంలో, 1914లో, వెలువడిన 'కవిత్వతత్త్వ విచారము'లో కట్టమంచి పాశ్చాత్య ప్రమాణాలను ప్రయోగించారు. ఆయన తీర్పులు కొన్ని ప్రబంధాల పట్ల కఠినమైనవే. అయినా అక్కడ ఎదుట 'కళాపూర్ణోదయం' ఉంది. పరాయి కొలత ఎక్కడ సరిపోదో కావ్యమే చూపగలదు. ఇంకా పుట్టని విశ్వవిద్యాలయానికి అటువంటి ప్రతిఘటన శక్తి లేదు. వ్యూహాత్మక ప్రణాళిక నేర్చుకోవడానికి నేడు విదేశాలకు వెళ్లే ఆచార్య బృందాల నివేదికలను ఈ తేడాతోనే పరీక్షించాలి.

మైసూరు విశ్వవిద్యాలయం 'ప్రసారాంగ' ద్వారా కన్నడ ఉపన్యాసాలను, గ్రంథాలను ప్రజలకు అందించడం 1930లలో గాని మొదలు కాలేదు.